100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో డౌన్‌లోడ్ 11 దగ్గరే ఆగితే అది మోసమా?

నమస్కారం. దేవరకొండ నుంచి మీరు అడిగింది ఇది. నెల కిందట 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ తీసుకున్నారు, కానీ కంప్యూటర్‌లో ఏ ఫైలు దింపుకున్నా బ్రౌజర్‌లో 11 ఎంబీకి మించి కనిపించడం లేదు. ఆపరేటర్ తొమ్మిదో వంతు స్పీడే ఇస్తున్నాడని మీ అనుమానం. వచ్చే నెల బిల్లు ఆపేయవచ్చా అని, 40 జీబీ గేమ్ దిగడానికి ఎంతసేపు పట్టాలో లెక్క ఎలా వేసుకోవాలని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. బిల్లు ఆపకండి, మీకు రావలసిన స్పీడ్ పూర్తిగానే వస్తోంది. ప్లాన్‌లో ఉన్నవి సెకనుకు 100 మెగాబిట్లు, బ్రౌజర్ చూపిస్తున్నవి సెకనుకు 11 మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, 100ను 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు వస్తాయి. ఆ పన్నెండున్నర 11కు ఎందుకు తగ్గిందో కింద వివరిస్తాను. మీ గేమ్ దిగడానికి దాదాపు గంట పడుతుంది.

నల్లగొండలో కంప్యూటర్ రిపేర్లతో మొదలుపెట్టి, 2006 నుంచి ఇంటర్నెట్ లైన్లు, సీసీ కెమెరాల పనిలో ఉన్నాను. అప్పట్లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలు. 2004 విధానంలో పెట్టిన ఆ హద్దును 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఆ రోజుల్లో కూడా కస్టమర్లు "256 అన్నారు, 30 దాటడం లేదేమిటి" అని అడిగేవారు, ఈరోజు మీరు "100 అన్నారు, 11 దాటడం లేదేమిటి" అని అడుగుతున్నారు. ఈ ఒక్క భాగహారం తెలియక, స్తంభాలెక్కి దిగే లైన్‌మన్ కుర్రాళ్లు తమ తప్పేమీ లేకుండా ఇంటింటా మాటలు పడడం చూశాను. అదే భాగహారాన్ని అడ్డం పెట్టుకొని కస్టమర్‌ను నిజంగా మోసం చేయడమూ చూశాను. అందుకే కొంచెం విడమరచి రాస్తున్నాను.

అసలు చిక్కు "ఎంబీ" అనే మాటలో ఉంది. ఇంగ్లీషులో చిన్న బి రాస్తే బిట్, పెద్ద బి రాస్తే బైట్. తెలుగు లిపిలో చిన్నా పెద్దా అక్షరాలు లేవు, నోటితో పలికినప్పుడు ఏ భాషలోనైనా ఆ తేడా వినిపించదు. "వంద ఎంబీ ప్లాన్ సార్" అని లైన్‌మన్ అంటాడు, "ఈ పాట ఐదు ఎంబీ ఉంది" అని మనం అంటాం, రెండు ఎంబీలూ ఒకటే అని మనసు అనుకుంటుంది. మొదటిది బిట్, రెండోది బైట్. కనెక్షన్ తీసుకునేటప్పుడూ, ఫిర్యాదు చేసేటప్పుడూ ఎంబీ అనడం మానేసి మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా పలకండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చెప్పే మాట ఇదే.

మా ఇంట్లో వడ్లు కొలిచిన పాత కొలతల్లో ఎనిమిది తవ్వలు ఒక కుంచం. గింజలు పోసేవాడు తవ్వల్లో లెక్క చెబుతాడు, రాశి చూసేవాడు కుంచాల్లో చెబుతాడు. ఒకడు వంద అన్నాడని, ఇంకొకడు పన్నెండున్నర అన్నాడని గింజలు ఎక్కడికీ పోలేదు. లైను వేసేవాడికి తవ్వ బిట్, ఫైలు దాచుకునేవాడికి కుంచం బైట్.

ఇద్దరూ ఒకే కొలత వాడితే పోయేది కదా అని చాలామంది అడుగుతారు. తీగ మీద సమాచారం ఒక బిట్ వెనుక ఒక బిట్‌గానే నడుస్తుంది కాబట్టి తీగ పనివాళ్లు మొదటి నుంచీ సెకనుకు ఎన్ని బిట్లు పోయాయనే లెక్కపెట్టారు. డిజిటల్ టెలిఫోన్‌లో ఒక మనిషి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాసేవారు కాబట్టి ఒక కాల్‌కు సెకనుకు 64 కిలోబిట్లు అయ్యాయి, పెద్ద లైన్ల లెక్కలు దాని మీదే నిలబడ్డాయి. పైగా బైట్ అనే మాట 1956లో ఐబీఎంలో పుట్టిన కొత్తలో ఎనిమిది బిట్లుగా స్థిరంగా లేదు, కొన్ని పాత యంత్రాల్లో ఆరు బిట్ల బైట్లూ ఉండేవి. యంత్రానికొక తీరుగా మారే కొలతతో తీగను కొలవలేరు కదా.

ఇక పన్నెండున్నర 11 ఎలా అయిందో చూద్దాం. ఇందులో రెండు కోతలు ఉన్నాయి, రెండూ న్యాయమైనవే.

మొదటిది తరుగు. మార్కెట్ యార్డులో బస్తా తూచినప్పుడు గోనెసంచి బరువు కూడా కాంటా మీదికి ఎక్కుతుంది. నెట్‌లోనూ అంతే. మీ ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్క మామూలుగా 1,500 బైట్లు. అందులో ఎవరి నుంచి ఎవరికి, ఎన్నో ముక్క అని రాసుకునే చిరునామా భాగం 40 బైట్లు, కాబట్టి మీ సరుకు 1,460 బైట్లే. రూటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే లాన్ కేబుల్ మీద పోయేటప్పుడు ఒక్కో ముక్కకు ముందూ వెనుకా గుర్తులు, ముక్కకూ ముక్కకూ మధ్య వదిలే ఖాళీ కలిపి ఇంకో 38 బైట్లు అవుతాయి. మొత్తం 1,538లో మీ చేతికి వచ్చేది 1,460, అంటే దాదాపు 94.9 శాతం. 12.5 మెగాబైట్లలో ఆ శాతం తీసుకుంటే 11.86 వస్తుంది.

రెండోది కుంచంలోని తేడా. నెట్ స్పీడ్ లెక్కల్లో కిలో అంటే ఎప్పుడూ 1,000, మెగా అంటే 10 లక్షలు. మీ కంప్యూటర్‌లోని విండోస్ మాత్రం 1,024 బైట్లను ఒక కిలోబైట్‌గా, 1,024 కిలోబైట్లను ఒక మెగాబైట్‌గా లెక్కపెడుతుంది, బ్రౌజర్‌లో కనిపించే అంకె కూడా ఆ లెక్కలోదే. ఆ మెగాబైట్‌లో 10,48,576 బైట్లు ఉంటాయి. 11.86ను 1.0486తో భాగించండి, 11.3 వస్తుంది. మీకు కనిపిస్తున్న 11 అదే. మీ ఆపరేటర్ ఇందులో ఒక్క బిట్ కూడా దాచుకోలేదు.

ఈ 1,024 గొడవ తీర్చడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అని వేరే పేర్లు పెట్టింది. 1,000 లెక్కయితే కిలో, 1,024 లెక్కయితే కిబి. ఆపిల్ కంప్యూటర్లు 2009 నుంచి 1,000 లెక్కకు మారాయి, విండోస్ 1,024 లెక్క పెడుతూనే పాత పేర్లు రాస్తోంది. 1 టీబీ హార్డ్ డిస్క్ కొంటే కంప్యూటర్‌లో 931 జీబీ అని కనిపించడానికి కారణం కూడా ఇదే. డిస్కు అమ్మినవాడు మోసం చేయలేదు. ఈ తేడా మెగా దగ్గర దాదాపు 5 శాతం, గిగా దగ్గర 7 శాతం పైన, టెరా దగ్గర 10 శాతం. రోజువారీ పనికి దీన్ని పట్టించుకోనక్కరలేదు, 8తో భాగించడాన్ని మాత్రం ఎప్పుడూ మరవకూడదు.

కళ్లారా చూడాలంటే ఇలా చేయండి. ఏదైనా పెద్ద ఫైలు దింపడం మొదలుపెట్టి, విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి. అక్కడ ఈథర్నెట్, అంటే లాన్ కేబుల్, గీత కింద 95 దరిదాపుల్లో ఒక అంకె ఉంటుంది, అది మెగాబిట్లలో. అదే సమయంలో బ్రౌజర్‌లో 11.3 ఉంటుంది, అది మెగాబైట్లలో. ఒకే ఫైలు, ఒకే క్షణం, రెండు అంకెలు. టాస్క్ మేనేజర్‌లోనే డిస్కు స్పీడ్ మెగాబైట్లలో, నెట్ స్పీడ్ మెగాబిట్లలో పక్కపక్కనే ఉంటాయి. నమ్మని కస్టమర్‌కు నేను ఈ కిటికీ తెరిచి చూపిస్తాను, సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

నోటి లెక్కకు కొన్ని దారులు చెబుతాను. 8తో భాగించడమంటే మూడుసార్లు సగం చేయడమే, 100, 50, 25, 12.5. బైట్ల నుంచి బిట్లకు రావాలంటే మూడుసార్లు రెట్టింపు చేయాలి. గిగాబిట్‌ను మెగాబిట్ చేయాలంటే 1,000తో గుణించాలి, కిలోబిట్‌ను మెగాబిట్ చేయాలంటే 1,000తో భాగించాలి. మెగాబిట్ల స్పీడ్‌ను 7.5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని మెగాబైట్లో, 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని గిగాబైట్లో, 10.8తో గుణిస్తే రోజుకు ఎన్ని గిగాబైట్లో వస్తుంది. మీ 100 మెగాబిట్లకు గంటకు 45 గిగాబైట్లు. తరుగు కూడా కలిపి తొందరగా అంచనా వేయాలంటే 8కి బదులు 9తో భాగించండి, బ్రౌజర్‌లో కనిపించే అంకెకు దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు హెచ్చరిక. స్పీడ్ టెస్ట్ సైట్లు మామూలుగా మెగాబిట్లలోనే చూపిస్తాయి, అక్కడ వచ్చిన అంకెను ప్లాన్‌తో పోల్చేటప్పుడు 8తో భాగించకూడదు, గుణించకూడదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట హాలియాలో ఒక చిన్న బట్టల షాపు యజమాని 50 మెగాబిట్ల ప్లాన్‌కు డబ్బు కడుతుంటే స్పీడ్ టెస్ట్‌లో 6 వచ్చేది. కనెక్షన్ ఇచ్చినవాళ్ల మనిషి వచ్చి, "ఇది మెగాబైట్లలో చూపిస్తుందండీ, 6ను 8తో గుణిస్తే 48, సరిగ్గానే ఉంది" అని చెప్పి వెళ్లాడు. ఆయన ఐదు నెలలు అలాగే కట్టారు. నేను వెళ్లినప్పుడు ఒక ఫైలు దింపి చూస్తే సెకనుకు 700 కిలోబైట్లు కూడా సరిగ్గా రావడం లేదు. నిజంగా 6 మెగాబైట్లు వస్తుంటే బ్రౌజర్‌లోనూ 6 దగ్గరే కనిపించాలి కదా. 6ను 8తో భాగిస్తే 0.75, బ్రౌజర్ చెప్పిన సాక్ష్యం అదే. ఆ రెండు తెరల ఫొటోలు తీసి పంపాక మూడో రోజున లైను బాగుచేశారు. మెగాబైట్ అనే మాట తెలిసినవాడు చెప్పాడని నమ్మేయకండి, రెండో సాక్షిని అడగండి.

మరోరకం లోపం కూడా ఉంది, అందులో తప్పు మన ఇంట్లోనే ఉంటుంది. రామగిరిలో ఒక ఇంట్లో 300 మెగాబిట్ల ప్లాన్ ఉన్నా, పొద్దున చూసినా, అర్ధరాత్రి చూసినా 94 దాటేది కాదు. స్పీడ్ ఎక్కువా తక్కువా అవుతుంటే లైను మీద అనుమానపడాలి, 94 దగ్గర కదలకుండా నిలబడితే మధ్యలో ఎక్కడో 100 మెగాబిట్ల గోడ ఉందని అర్థం. పైన చూసిన 94.9 శాతం లెక్కే అది. కంప్యూటర్‌లో లింక్ స్పీడ్, అంటే కంప్యూటర్‌కూ రూటర్‌కూ మధ్య కుదిరిన స్పీడ్, చూస్తే 100/100 అని ఉంది. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు ఉంటాయి. 100 మెగాబిట్లకు నారింజ, ఆకుపచ్చ జతలు, అంటే నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ప్లగ్గును వెలుతురులో పట్టుకొని చూస్తే గోధుమరంగు తీగ ఒకటి చివరి వరకు వెళ్లకుండా లోపలే ఆగిపోయింది. ఆ కొన కత్తిరించి కొత్త ప్లగ్గు క్రింప్ చేశాను, లింక్ స్పీడ్ 1000/1000 అయింది, టెస్ట్‌లో 290 పైన వచ్చింది. పాత రూటర్లలో పోర్టులే 100 మెగాబిట్లవి ఉంటాయి, అలాంటి రూటర్ పెట్టుకొని 300 ప్లాన్ తీసుకుంటే డబ్బు వృథా. మీది 100 ప్లానే కాబట్టి మీకు ఈ గోడతో నష్టం లేదు.

ఈ 8 లెక్క తప్పితే నెట్ స్పీడ్ ఒక్కటే కాదు, వేరే నష్టాలూ జరుగుతాయి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఎనిమిది సీసీ కెమెరాలు పెట్టారు, ఒక్కోటి 4 మెగాబిట్లు. నెల రోజుల రికార్డింగ్‌కు 2 టీబీ డిస్కు చాలని అమ్మినవాళ్లు చెప్పారు. నెలాఖరులో కొన్ని బస్తాలు తక్కువయ్యాయని పదకొండు రోజుల కిందటి దృశ్యం వెతికితే డిస్కులో ఆరు రోజుల కంటే పాతది ఏదీ లేదు. నన్ను పిలిచినప్పుడు కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఎనిమిది కెమెరాలకు 32 మెగాబిట్లు, అంటే సెకనుకు 4 మెగాబైట్లు, రోజుకు 345.6 గిగాబైట్లు, నెలకు దాదాపు 10.4 టెరాబైట్లు. 2 టీబీ ఆరు రోజులు కూడా నిండుగా రాదు. 10.4ను మళ్లీ 8తో భాగిస్తే 1.3 వస్తుంది, బహుశా వాళ్లు ఆ భాగహారం రెండుసార్లు చేసి ఉంటారు. కెమెరాలను వీడియోను ఇంకా ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతికి మార్చి ఒక్కోదాన్ని 2 మెగాబిట్లకు తగ్గించి, 6 టీబీ డిస్కు పెట్టాక 34 రోజులు నిలుస్తోంది. ఆ మిల్లు గుమస్తా మీద అనవసరంగా పడ్డ అనుమానం మాత్రం ఆ పాత రికార్డింగ్ లేకపోవడం వల్ల తొలగలేదు. ఆ విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పంపించే స్పీడ్ లెక్క కూడా ఇంతే. మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒక తమ్ముడు 60 జీబీ వీడియోలను హైదరాబాద్‌లో ఎడిటింగ్‌కు పంపాలి. అతని అప్‌లోడ్ 20 మెగాబిట్లు. 60 గిగాబైట్లు అంటే 4,80,000 మెగాబిట్లు, 20తో భాగిస్తే 24,000 సెకన్లు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు, తరుగుతో ఏడు గంటలు. నెట్‌లో పంపాలా, హార్డ్ డిస్కు బస్సులో ఇచ్చి పంపాలా అని అడిగాడు. బస్సు రెండున్నర గంటల్లో చేరితే అది సెకనుకు 53 మెగాబిట్ల లైనుతో సమానం. రాత్రి పడుకునే ముందు అప్‌లోడ్ పెట్టి తెల్లారేదాకా ఆగగలిగితే నెట్, మూడు నాలుగు గంటల్లోనే కావాలంటే బస్సు అని చెప్పాను.

మొబైల్‌లో రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కిలోబిట్లకు పడిపోతుంది, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. చందంపేట వైపు తండా నుంచి ఒక అమ్మాయి, నెట్ ఉంది గానీ సర్టిఫికెట్ అప్‌లోడ్ కావడం లేదని ఫోన్ చేసింది. ఫైలు 2 మెగాబైట్లు, ఆ స్పీడ్‌లో 250 సెకన్లు పడుతుంది, అంతసేపు ఆ పేజీ ఆగదు. ఫైలును 200 కిలోబైట్లకు కుదించమన్నాను, 25 సెకన్లలో వెళ్లిపోయింది.

ఇంకొన్ని మినహాయింపులు క్లుప్తంగా చెబుతాను. వైఫైలో ఫోను చూపించే లింక్ స్పీడ్ గాలిలో ఒప్పందం మాత్రమే, 72 మెగాబిట్లని ఉంటే చేతికి అందేది సుమారు సగం. అందుకే కొలిచేటప్పుడు కేబుల్ పెట్టే కొలవాలి. యూఎస్‌బీ 3.0 తీగలోనూ, కంప్యూటర్ లోపల డిస్కును కలిపే సాటా తీగలోనూ ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు కాబట్టి అక్కడ 10తో భాగించాలి, 5 గిగాబిట్లంటే 500 మెగాబైట్లు, 6 గిగాబిట్లంటే 600 మెగాబైట్లు. ఇక మన వీధుల్లో జీపాన్ అనే పద్ధతిలో వేసే ఫైబర్ మీద ఇళ్ల వైపు వచ్చే మొత్తం 2.488 గిగాబిట్లను, ఒక ఫైబర్‌ను చాలా పాయలుగా చీల్చే స్ప్లిటర్ పెట్టి ఇళ్లకు పంచుతారు. అలా 32 ఇళ్లకు పంచారనుకుంటే, అన్ని ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి 78 మెగాబిట్లు కూడా రావు. అలా లాగడం అరుదు. కానీ రాత్రి తొమ్మిదింటికి మాత్రమే మీ స్పీడ్ తగ్గుతుంటే దానికి కారణం యూనిట్ల లెక్క కాదు, ఆ పంపకం.

చివరగా మీ గేమ్. 40 గిగాబైట్లు అంటే 320 గిగాబిట్లు, అంటే 3,20,000 మెగాబిట్లు. 100తో భాగిస్తే 3,200 సెకన్లు, 53 నిమిషాలు. తరుగు తీసి 94.9తో భాగిస్తే 56 నిమిషాలు. ఆ 40 జీబీ 1,024 లెక్కలోదైతే దాదాపు సరిగ్గా గంట. గంటంబావు దాటినా దిగకపోతే వైఫై వదిలి లాన్ కేబుల్ పెట్టి, లింక్ స్పీడ్, స్పీడ్ టెస్ట్ అంకె, బ్రౌజర్ అంకె మూడింటినీ పక్కన యూనిట్ పేరుతో సహా రాసుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి రాసుకొని, ఆ కాగితం చేతిలో పెట్టుకొని అప్పుడు ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.